చైనా సోషల్ మీడియాలో బ్రాండ్లు ఎలా పెరుగుతాయి? ‘దంగల్’ చెప్పిన పాఠం, 2020 నేర్పిన జాగ్రత్త

దేశ రాజధానికి పశ్చిమాన, హరియాణాలోని చర్ఖీ దాద్రీ జిల్లాలో బలాలీ అనే గ్రామం ఉంది. జాతీయ రాజధాని ప్రాంత పరిధిలోకి వచ్చే జిల్లా అది. కుమార్తెలకు కుస్తీ నేర్పి దేశానికి పతకాలు తెప్పించిన మహావీర్ సింగ్ ఫోగాట్ స్వగ్రామం బలాలీ. ఆయన పెద్ద కుమార్తె గీత 2010 అక్టోబరులో దిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణ పతకం గెలిచారు. ఈ కథ ఆధారంగా నితేశ్ తివారీ దర్శకత్వంలో ఆమిర్ ఖాన్ నటించిన ‘దంగల్’ 2016 డిసెంబరులో మన దేశంలో విడుదలైంది. మరుసటి ఏడాది మే 5న చైనాకు వెళ్లింది. అక్కడ దాదాపు 130 కోట్ల యువాన్లు, అంటే అప్పటి మారకపు విలువ ప్రకారం 1,200 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసింది.

అదే రోజు ఒక భారీ హాలీవుడ్ చిత్రం కూడా చైనాలో విడుదలైంది. తొలి రోజు వసూళ్లలో దానిదే పైచేయి. రెండో వారాంతానికి ‘దంగల్’ దాన్ని దాటిపోయింది. ఆ వారం రోజుల్లో ఈ చిత్రాన్ని ముందుకు నెట్టింది ప్రధానంగా వీధుల్లోని ప్రకటన పలకలు కావు. సినిమా చూసి బయటకు వచ్చిన వారు తమ ఫోన్లలో రాసుకున్న మాటలు. ఆ ఏడాది జూన్‌లో అస్తానాలో ప్రధాని నరేంద్ర మోదీని కలిసినప్పుడు, తాను ‘దంగల్’ చూశానని, తనకు నచ్చిందని చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ చెప్పినట్లు మన విదేశాంగ కార్యదర్శి అప్పట్లో వెల్లడించారు.

మూడేళ్లు గడిచాయి. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించింది. వాటిలో టిక్‌టాక్‌తో పాటు వీచాట్, వైబో కూడా ఉన్నాయి. చైనా వినియోగదారుతో మాట్లాడేందుకు భారతీయులకు ఉన్న ముఖ్యమైన కిటికీలు ఆ రాత్రితో మూసుకుపోయాయి.

చైనా సోషల్ మీడియాలో బ్రాండ్లు ఎలా పెరుగుతాయి, ఎలా కూలుతాయి అన్న ప్రశ్నకు ఈ రెండు సంఘటనల మధ్యే చాలా వరకు సమాధానం దొరుకుతుంది. ఇరు దేశాల మధ్య రాకపోకలు మళ్లీ మొదలైన ఈ సమయంలో ఆ సమాధానం మన ఎగుమతిదారులకు, పర్యాటక రంగానికి, సినీ పరిశ్రమకు కూడా అవసరమైనదే.

వేదికలే వేరు

మనకు పరిచయమైన ఫేస్‌బుక్, ట్విటర్, యూట్యూబ్ చైనాలో 2009 నుంచి అందుబాటులో లేవు. గూగుల్ 2010లో తన శోధన సేవను చైనా ప్రధాన భూభాగం నుంచి తరలించింది. అందువల్ల అక్కడి ఇంటర్నెట్ తనదైన దారిలో పెరిగింది. 2024 చివరి నాటికి ఆ దేశంలో ఇంటర్నెట్ వినియోగదారుల సంఖ్య 110 కోట్లు దాటింది.

వారిలో అత్యధికులు వాడేది టెన్సెంట్ సంస్థ 2011లో ప్రారంభించిన వీచాట్. ఇది కేవలం సందేశాల యాప్ కాదు. మిత్రులతో సంభాషణ, కూరగాయల బండి వద్ద చెల్లింపు, ఆస్పత్రిలో టోకెన్, దుకాణంలో కొనుగోలు అన్నీ అందులోనే జరుగుతాయి. 2017 జనవరి నుంచి ‘మినీ ప్రోగ్రామ్’ల పేరిట యాప్ లోపలే చిన్న చిన్న దుకాణాలు తెరిచే వీలు కల్పించారు. వినియోగదారు ఒక వ్యాసం చదువుతూ, ఆ పేజీ దాటకుండానే వస్తువు కొని, డబ్బు చెల్లించి, మిత్రుడికి ఆ సంగతి చెప్పవచ్చు.

2009లో సినా సంస్థ ప్రారంభించిన వైబో బహిరంగ చర్చా వేదిక. ఏ అంశం దేశమంతటా మార్మోగుతోందో తెలిపే పట్టిక అక్కడ నిరంతరం మారుతూ ఉంటుంది. తారలు, వివాదాలు, కొత్త సినిమాల ముచ్చట్లకు అదే రచ్చబండ. 2016లో బైట్‌డాన్స్ సంస్థ తెచ్చిన డౌయిన్ చిన్న వీడియోల వేదిక. మనకు తెలిసిన టిక్‌టాక్ దాని విదేశీ సోదరి. రెండింటి రూపం ఒకటే అయినా ఖాతాలు వేరు, నియమాలు వేరు. టిక్‌టాక్‌లో ఉన్న ప్రచారం డౌయిన్‌లో కనిపించదు.

2013లో షాంఘైలో పుట్టిన షియావ్‌హోంగ్‌షు పేరుకు ‘చిన్న ఎర్ర పుస్తకం’ అని అర్థం. విదేశాలకు వెళ్లే చైనీయులకు ఏ ఊళ్లో ఏం కొనాలో చెప్పే చిరు మార్గదర్శిగా మొదలై, నేడు నెలకు 30 కోట్ల మంది తెరిచి చూసే అనుభవాల సంపుటిగా మారింది. వీరిలో యువతులు అధికం. ముఖానికి ఏ క్రీము రాసుకోవాలి, సెలవులకు ఎక్కడికి వెళ్లాలి, చంటిబిడ్డకు ఏ పాలపొడి పట్టాలి అన్న ప్రశ్నలకు చైనా యువత సమాధానం వెదికేది అక్కడే. వీటికి తోడు సినిమాలకు, పుస్తకాలకు మార్కులు వేసే డౌబాన్, యువత ఇష్టపడే బిలిబిలి, చిన్న పట్టణాల్లో ఆదరణ ఉన్న క్వాయ్‌షో వంటివి ఉన్నాయి.

ఒక బ్రాండ్‌కు ఇవన్నీ ఒకే దారిలోని మజిలీలు. షియావ్‌హోంగ్‌షులో పేరు తెలుసుకున్న వ్యక్తి డౌయిన్‌లో వస్తువును చూస్తుంది, వీచాట్‌లో స్నేహితురాలిని అడుగుతుంది, ఆ తర్వాత కొంటుంది. ఈ దారిలో ఎక్కడ అనుమానం కలిగినా వెనక్కు మళ్లుతుంది.

‘గడ్డి నాటడం’ అంటే ఏమిటి?

చైనా వ్యాపార ప్రచారంలో తరచూ వినిపించే మాట ‘జోంగ్‌త్సావ్’. దానికి ‘గడ్డి నాటడం’ అని అర్థం. ఎవరో ఒకరు తాము వాడిన వస్తువు గురించి ఇష్టంగా చెబుతారు. వినేవారి మనసులో కోరిక అనే గడ్డి పరక మొలుస్తుంది. వేర్వేరు చోట్ల అదే మాట మళ్లీ మళ్లీ వినేసరికి అది దట్టమవుతుంది. చివరకు ఆ వస్తువు కొని కోరిక తీర్చుకోవడాన్ని ‘గడ్డి పీకడం’ అంటారు.

ఈ పద్ధతికి అక్కడ ఇంత బలం రావడానికి ఒక కారణం అపనమ్మకం. 2008లో మెలమైన్ కలిపిన పాలపొడి వల్ల లక్షలాది మంది శిశువులు అస్వస్థతకు గురైన ఘటన చైనా సమాజాన్ని కుదిపివేసింది. నకిలీ వస్తువుల బెడద సరేసరి. కంపెనీ చెప్పే మాటకంటే వాడిచూసిన మనిషి మాటకు విలువ పెరిగింది. మన ఊళ్లలో బావి దగ్గర, కొళాయి దగ్గర సాగిన ఇరుగుపొరుగు మాటే అక్కడ ఫోన్ తెరపైకి చేరిందని చెప్పవచ్చు.

గడ్డి నాటేవారిలో రెండు వర్గాలున్నాయి. లక్షల, కోట్ల అనుచరులున్న ప్రముఖులు మొదటి వర్గం. వందలు, వేల మంది మాత్రమే అనుసరించే సాధారణ వినియోగదారులు రెండో వర్గం. ప్రముఖులు పేరును చాటుతారు. సాధారణులు నమ్మకాన్ని కలిగిస్తారు. అనుభవం ఉన్న సంస్థలు వందలాది మంది సాధారణ వినియోగదారులకు వస్తువును ముందుగా ఇచ్చి, వారు రాసినదాన్ని గమనించి, ఏ మాట ప్రజల మనసుకు తాకుతోందో తెలుసుకున్న తర్వాతే ప్రముఖుల వద్దకు వెళతాయి. గ్వాంగ్జౌకు చెందిన సౌందర్య సాధనాల బ్రాండ్ ‘పర్‌ఫెక్ట్ డైరీ’ ప్రధానంగా ఈ దారిలోనే ఎదిగింది. కొద్ది సంవత్సరాల్లోనే, 2020 నవంబరులో దాని మాతృ సంస్థ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదైంది.

అయితే డబ్బు తీసుకుని రాసిన మాటను స్వానుభవంగా చూపితే నమ్మకమే మిగలదు. ఈ సమస్యను దిల్లీ, బీజింగ్ ఒకే ఏడాది గుర్తించాయి. సోషల్ మీడియాలో డబ్బు గాని, ఇతర ప్రయోజనం గాని పొంది వస్తువును సిఫారసు చేసేవారు ఆ సంగతిని స్పష్టంగా వెల్లడించాలని మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు జారీ చేసింది. అనుభవాలు, సమీక్షల రూపంలో వస్తువును ప్రచారం చేస్తూ కొనుగోలు లింకు జతపరిస్తే దానిపై ‘ప్రకటన’ అని రాయాల్సిందేనన్న నిబంధన చైనాలో అదే ఏడాది మే 1న అమల్లోకి వచ్చింది.

‘దంగల్’ ఎలా గెలిచింది?

‘దంగల్’ విజయాన్ని ఈ నేపథ్యంలో చూస్తే విషయం తేటపడుతుంది. గడ్డి అప్పటికప్పుడు మొలవలేదు. ‘త్రీ ఇడియట్స్’ 2011 చివరలో చైనా థియేటర్లలో విడుదలయ్యేనాటికే ఇంటర్నెట్ ద్వారా అక్కడి విద్యార్థులకు చేరిపోయింది. ర్యాంకుల ఒత్తిడి వారికి కొత్త కాదు. డౌబాన్‌లో ఆ చిత్రానికి పదికి తొమ్మిదికి పైగా మార్కులు పడ్డాయి. 2012లో దూరదర్శన్‌లోనూ ప్రసారమైన ‘సత్యమేవ జయతే’ కార్యక్రమాన్ని చైనా ప్రేక్షకులు ఇంటర్నెట్‌లో వెదికి చూశారు. 2015లో ‘పీకే’ మంచి వసూళ్లు సాధించింది. ఆమిర్ ఖాన్‌ను అక్కడి అభిమానులు ‘మీ బాబాయి’ అని ముద్దుగా పిలుచుకోసాగారు. ఆయన వైబోలో ఖాతా తెరిచి వారితో నేరుగా మాట్లాడారు. విడుదలకు ముందు చైనా నగరాలకు వెళ్లి ప్రేక్షకులను కలిశారు.

పేరు మార్పు మరో కీలకమైన నిర్ణయం. ‘దంగల్’ అన్న శబ్దం చైనీయులకు ఏమీ చెప్పదు. అందుకే ‘పట్టు కుస్తీ, నాన్నా!’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. దానితో అది క్రీడా చిత్రంగా గాక తండ్రీకూతుళ్ల కథగా ప్రేక్షకుల ముందుకు వెళ్లింది. పిల్లల భవిష్యత్తు కోసం కఠినంగా వ్యవహరించే తల్లిదండ్రులు చైనాలో ప్రతి వీధిలోనూ ఉంటారు. తండ్రి తన కలను కూతుళ్లపై రుద్దాడా, లేక కట్టుబాట్ల నుంచి వారిని విడిపించాడా అన్న చర్చ వైబోలోనూ, డౌబాన్‌లోనూ వేడిగా సాగింది. పొగిడినవారితో పాటు విమర్శించినవారూ చిత్రాన్ని చూడవలసినదిగా మార్చారు.

తెలుగు చిత్ర పరిశ్రమ అనుభవం దీనికి భిన్నం. దేశమంతటా రికార్డులు సృష్టించిన ‘బాహుబలి’ రెండో భాగం 2018 మే 4న చైనాలో విడుదలైంది. ‘దంగల్’ వసూళ్లలో పదో వంతు కూడా దానికి రాలేదు. భారీ యుద్ధ సన్నివేశాలు చైనా ప్రేక్షకులకు తమ సొంత చిత్రాల్లోనే పుష్కలంగా దొరుకుతాయి. ఇంట్లో కూర్చుని వాదించుకోదగిన ప్రశ్న ‘దంగల్’లో వారికి దొరికింది. 2019లో ‘అంధాధున్’, 2024 చివరలో తమిళ చిత్రం ‘మహారాజ’ అక్కడ ఆదరణ పొందడాన్ని బట్టి చూసినా, హంగుకంటే చూసినవారు ఒకరికొకరు చెప్పుకునే కథే అక్కడ ముందుంటుందని అర్థమవుతుంది.

తెర మీదే అంగడి

నాటిన గడ్డిని కోతకు తెచ్చే చోటు ప్రత్యక్ష ప్రసార విక్రయం. 2016లో అలీబాబా సంస్థ ‘తావోబావ్ లైవ్’ ప్రారంభించినప్పటి నుంచి ఈ పద్ధతి వేగంగా విస్తరించింది. విక్రేత కెమెరా ముందు కూర్చుని వస్తువును చూపుతూ, ప్రేక్షకుల ప్రశ్నలకు అప్పటికప్పుడు బదులిస్తూ, కొద్ది నిమిషాలే ఉండే ధర ప్రకటిస్తాడు. సంతలో గొంతెత్తి బేరమాడే దుకాణదారునికి, టీవీ వ్యాఖ్యాతకు పుట్టిన బిడ్డ వంటి వృత్తి ఇది. నవంబరు 11న జరిగే ‘ఒంటరుల దినం’ అమ్మకాలు, జూన్ 18 అమ్మకాలు ఈ ప్రసారాలకు పెద్ద పండుగలు.

ఈ రంగంలో ‘లిప్‌స్టిక్ రాజు’గా పేరొందిన లీ జియాచి ఒకప్పుడు సౌందర్య సాధనాల దుకాణంలో సలహాదారు. ఆయన ఎదుగుదల ఎంత ప్రసిద్ధమో, 2023 సెప్టెంబరులో ఆయన జారిన మాట కూడా అంతే ప్రసిద్ధం. 79 యువాన్ల కనుబొమల పెన్సిల్ ధర పెరిగిందని ఒక ప్రేక్షకురాలు అనగా, ఇన్నేళ్లలో జీతం ఎందుకు పెరగలేదో, శ్రద్ధగా పనిచేశారో లేదో ఆలోచించుకోవాలన్నట్లు ఆయన బదులిచ్చారు. ఉద్యోగాల గురించి ఆందోళన పడుతున్న సమాజం భగ్గుమంది. ఆయన కన్నీటితో క్షమాపణ చెప్పుకున్నా, పెన్సిల్ బ్రాండ్ కూడా ఆ మంటలో చిక్కుకుంది. ‘ఫెంగ్‌హువా’ వంటి పాత స్వదేశీ సంస్థలు మాత్రం 79 యువాన్లకు ఎన్ని షాంపూలు, సబ్బులు వస్తాయో చూపించి ప్రజల మెప్పు పొందాయి.

మరో అగ్రశ్రేణి విక్రేత వియాకు పన్ను ఎగవేత కేసులో 2021 డిసెంబరులో 134 కోట్ల యువాన్ల మేర చెల్లించాలని అధికారులు ఆదేశించారు. ఆ వెంటనే ఆమె ఖాతాలు అన్ని వేదికల నుంచి అదృశ్యమయ్యాయి. కేవలం ఒక్క మనిషి ముఖంపై ఆధారపడిన బ్రాండ్లకు రాత్రికి రాత్రే అంగడి మూతబడింది. నేడు చాలా సంస్థలు తమ సొంత ఉద్యోగులతోనే రోజంతా ప్రసారాలు నడుపుకోవడానికి ఈ అనుభవాలు ఒక కారణం.

అమ్మకం పూర్తయ్యాక కొనుగోలుదారును నిలుపుకోవడం అసలు పని. వస్తువు పెట్టెలో ఒక చీటీ ఉంటుంది. దానిపై ఉన్న సంకేతాన్ని ఫోన్‌తో చూస్తే వీచాట్ సమూహంలోకి ఆహ్వానం వస్తుంది. అక్కడ బ్రాండ్ తరఫున ఒక స్నేహశీలి మాట్లాడుతుంది. సలహాలు చెబుతుంది, పండుగనాడు ‘ఎర్ర కవరు’లో చిన్న మొత్తం పంపుతుంది. చైనాలో పెద్దలు పిల్లలకు ఎర్ర కవరులో డబ్బు పెట్టి ఇవ్వడం ఆచారం. వీచాట్ 2014 నూతన సంవత్సర వేళ దాన్ని ఫోన్‌లోకి తెచ్చింది. ప్రకటనకు మళ్లీ డబ్బు పోయకుండా పాత కొనుగోలుదారుతోనే బంధం కొనసాగించే మార్గమిది.

మాట పొల్లుపోతే

ఈ మార్కెట్‌లో తప్పుకు మూల్యం అధికం. చైనా ప్రకటనల చట్టానికి చేసిన సవరణలు 2015 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చాయి. ‘అత్యుత్తమం’, ‘జాతీయ స్థాయి’ వంటి మాటలను ప్రకటనల్లో వాడరాదు. వాడితే రెండు లక్షల నుంచి పది లక్షల యువాన్ల వరకు జరిమానా పడవచ్చు. ‘దేశంలోనే నంబర్ వన్’ అని అలవాటుగా రాసుకునే మన ప్రకటనకర్తలు అక్కడ అడుగు పెట్టే ముందు ఈ ఒక్క నిబంధన చదువుకున్నా మేలు.

చట్టం కంటే కఠినమైనది ప్రజల మనోభావం. ఇటలీ ఫ్యాషన్ సంస్థ డోల్చే అండ్ గబ్బానా 2018 నవంబరులో విడుదల చేసిన వీడియోలో ఒక చైనా యువతి భోజన పుల్లలతో పిజ్జా తినడానికి తంటాలు పడుతూ కనిపిస్తుంది. అది తమ సంస్కృతిని వెక్కిరించడమేనని చైనీయులు ఆగ్రహించారు. నవంబరు 21న షాంఘైలో జరగవలసిన ప్రదర్శన అదే రోజు రద్దయింది. ఆన్‌లైన్ దుకాణాలు ఆ సంస్థ వస్తువులను తొలగించాయి. వ్యవస్థాపకులిద్దరూ వీడియోలో క్షమాపణ చెప్పారు.

ఇది సంస్కృతి విషయంలో జరిగిన తప్పు. స్వీడన్ దుస్తుల సంస్థ హెచ్ అండ్ ఎం ఎదుర్కొన్నది రాజకీయ తుపాను. షిన్‌జియాంగ్ పత్తి ఉత్పత్తిలో బలవంతపు చాకిరీ ఆరోపణలపై ఆందోళన వ్యక్తం చేస్తూ ఆ సంస్థ గతంలో చేసిన ప్రకటన 2021 మార్చిలో వైబోలో మళ్లీ పైకి వచ్చింది. కొద్ది గంటల్లోనే ప్రధాన ఆన్‌లైన్ అంగళ్లలో ఆ పేరుతో వెదికితే ఏమీ దొరకని స్థితి ఏర్పడింది. పటాల్లో దుకాణాల చిరునామాలు సైతం కనిపించకుండా పోయాయి. ప్రచారకర్తలుగా ఉన్న తారలు ఒప్పందాలు తెంచుకున్నారు. ఒక దేశంలోని వినియోగదారుల మనస్సాక్షికి చెప్పే జవాబు, మరో దేశంలో నేరంగా మారవచ్చని ప్రపంచ బ్రాండ్లకు ఆనాడు తెలిసివచ్చింది.

దిల్లీ అనుభవం

భారత ప్రభుత్వం కూడా ఈ వేదికలను ఉపయోగించుకుంది. 2015 ఫిబ్రవరిలో అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ బీజింగ్‌లో ‘భారత సందర్శన సంవత్సరం’ ప్రారంభించారు. ఆ ఏడాది మే 4న, చైనా పర్యటనకు పది రోజుల ముందు, ప్రధాని మోదీ వైబోలో ఖాతా తెరిచారు. చైనా పర్యాటకులకు ఇ-వీసా సౌకర్యాన్ని ఆ పర్యటనలోనే ప్రకటించారు. ఒక దేశాధినేత తమ భాషలో, తమ వేదికపై పలకరించడం చైనా యువతను ఆకర్షించింది.

2020 జూన్ 15న గల్వాన్ లోయలో జరిగిన ఘర్షణలో 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. ఆ తర్వాతి రోజుల్లో బీజింగ్‌లోని భారత రాయబార కార్యాలయం వీచాట్ ఖాతాలో ఉంచిన ప్రధాని వ్యాఖ్యలు, విదేశాంగ శాఖ ప్రకటన కనిపించకుండా పోయాయి. ఒక దేశపు రాయబార కార్యాలయం మాట కూడా ఆ వేదిక యజమాని అనుమతి ఉన్నంతవరకే నిలుస్తుందని అప్పుడు స్పష్టమైంది.

జూన్ 29న దిల్లీ నుంచి ఉత్తర్వు వెలువడింది. దేశ సార్వభౌమత్వం, భద్రత కారణాలతో సమాచార సాంకేతిక చట్టంలోని 69ఏ సెక్షన్ కింద 59 యాప్‌లను నిలిపివేశారు. జూలై 1న ప్రధాని వైబో ఖాతా నుంచి వైదొలగుతున్నట్లు వెల్లడైంది. ఐదేళ్లలో పెట్టిన 115 సందేశాలను ఒక్కొక్కటిగా తొలగించవలసి వచ్చింది. అప్పటికి ఆ ఖాతాను అనుసరిస్తున్నవారు 2 లక్షల 44 వేల మంది.

మన దేశం లోపల జరిగిన నష్టం మరో రకం. దాదాపు 20 కోట్ల మంది భారతీయులు టిక్‌టాక్ వాడేవారు. కేంద్ర ప్రభుత్వ వేదిక ‘మైగవ్’ కూడా ఆ నెలలోనే అందులో ఖాతా తెరిచింది. పొలం గట్టున నిలబడి పాట పాడిన రైతు, చీరలు చూపి అమ్ముకున్న గృహిణి, తోపుడు బండిపై దోసెలు పోస్తూ ఊరంతటికీ పరిచయమైన యువకుడు సంపాదించుకున్న అనుచరులు ఒక్క ఉత్తర్వుతో లేకుండా పోయారు. నిషేధానికి కారణమైన భద్రతా అంశాలు వాస్తవమే కావచ్చు. పరుల వేదికపై కట్టుకున్న పేరు ఎంత అస్థిరమో ఆ చిన్న వ్యాపారులకు అనుభవమైంది కూడా వాస్తవమే.

మిర్చి వెళుతోంది, పేరు వెళ్లడం లేదు

ఐదేళ్ల విరామం తర్వాత పరిస్థితి కొంత మారింది. 2025 జూలైలో చైనా పౌరులకు పర్యాటక వీసాల జారీని భారత్ పునరుద్ధరించింది. అక్టోబరు చివరలో కోల్‌కతా నుంచి, నవంబరులో దిల్లీ నుంచి నేరు విమానాలు తిరిగి ఎగిరాయి. అయితే 2020లో నిషేధించిన వేదికలు మన దేశంలో తెరుచుకోలేదు.

మరోవైపు వాణిజ్య లోటు పెరుగుతోంది. 2024–25 ఆర్థిక సంవత్సరంలో చైనాతో మన వాణిజ్య లోటు 99 బిలియన్ డాలర్లు దాటింది. మనం అక్కడికి పంపేవాటిలో ముడి సరుకులదే పెద్ద పాలు. గుంటూరు, ఖమ్మం యార్డుల నుంచి వెళ్లే తేజ రకం మిర్చికి చైనా ముఖ్యమైన కొనుగోలుదారు. ఆంధ్రప్రదేశ్ తీరం నుంచి వెళ్లే రొయ్యకు అమెరికా తర్వాత చెప్పుకోదగ్గ మార్కెట్ కూడా అదే. కానీ చైనా భోజనశాలలో ఉడుకుతున్న ఘాటు పులుసు ముందు కూర్చున్న యువతికి ఆ కారం ఏ ఊరిదో తెలియదు. సరుకు గోనె సంచిలో వెళుతోంది. దానికి ప్యాకెట్, పేరు, కథ అక్కడ తయారవుతున్నాయి. ధరలో పెద్ద భాగం ఆ కథకే దక్కుతుంది. యార్డులో ధర పడిపోయిన రోజున నష్టం మాత్రం పేరులేని సరుకు పండించిన రైతుదే.

దిల్లీలోని వాణిజ్య సంస్థలు గాని, గుంటూరులోని ఎగుమతిదారు గాని చైనా వినియోగదారుని నేరుగా చేరాలనుకుంటే మొదట చేయవలసిన పని ప్రచారం కాదు, పేరు నమోదు. చైనాలో ట్రేడ్‌మార్క్ హక్కు సాధారణంగా ముందుగా దరఖాస్తు చేసినవారికే దక్కుతుంది. బాస్కెట్‌బాల్ దిగ్గజం మైకేల్ జోర్డాన్ తన పేరు చైనా లిపి రూపంపై హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడి, 2016 డిసెంబరులో అక్కడి సుప్రీం న్యాయస్థానంలో పాక్షిక విజయం మాత్రమే సాధించగలిగారు. రెండోది, పలకడానికి తేలికగా ఉండి మంచి అర్థాన్నిచ్చే చైనీస్ పేరు ఎంచుకోవడం. ‘పట్టు కుస్తీ, నాన్నా!’ చేసిన మేలు చూశాం.

మూడోది, ఖాతాను ఎవరు నడుపుతారన్నది. భారత్‌లో వీచాట్, వైబో వంటివి నిషేధంలో ఉన్నాయి కనుక చైనాలోని భాగస్వామి తప్పనిసరి. ఖాతా ఎవరి పేరిట ఉంటుంది, ఒప్పందం ముగిస్తే అనుచరులు ఎవరికి చెందుతారు అన్నవి రాతపూర్వకంగా తేల్చుకోకపోతే తర్వాత చిక్కులు తప్పవు. కొనుగోలుదారుల వివరాలు దాచుకునే ముందు 2021 నవంబరులో అమల్లోకి వచ్చిన చైనా వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని గమనించాలి. నాలుగోది, పెద్ద తారలకు డబ్బు పోయడానికి ముందు ఆ కారంతో వంట చేసే సాధారణ వంటమనిషి చేత నాలుగు నిజమైన మాటలు చెప్పించగలగడం.

అద్దె ఇంటి పెరట్లోనూ మామిడి మొక్క నాటవచ్చు. నీరు పోస్తే పెరుగుతుంది, కాయలూ కాస్తుంది. ఇల్లు ఖాళీ చేయమన్న రోజున చెట్టును వెంట తీసుకుపోలేం. అందుకే తెలివైన రైతు టెంకను దాచుకుంటాడు. చైనా సోషల్ మీడియాలో వ్యాపారం చేయదలచిన సంస్థకు ఆ టెంక తన పేరు, తన నాణ్యత, వాడినవారిలో మిగిలే నమ్మకం. వైబోలో ఏ ఖాతా ఉన్నా లేకున్నా, బలాలీ గ్రామపు తండ్రీకూతుళ్ల కథను చైనా ప్రేక్షకులు మరచిపోకపోవడానికి కారణం అదే.